కష్టం వాటా ఎంత, అదృష్టం వాటా ఎంత?

2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో మహిళల 69 కిలోల వెయిట్‌లిఫ్టింగ్ పోటీ జరిగింది. కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. చైనా లిఫ్టర్ లిన్ వైనింగ్, హంగరీ లిఫ్టర్ మార్కుష్ ఇద్దరూ 242.5 కిలోలతో సమానంగా నిలిస్తే, ఒంటి బరువు తక్కువ ఉన్న లిన్‌కు స్వర్ణం ఇచ్చారు. మల్లీశ్వరి చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు తలపడ్డారు. అది నిలిచి ఉంటే స్వర్ణం ఆమెదే. నిలవలేదు. అయినా ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయ్యారు.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆమె ఊరు. పన్నెండేళ్ల వయసులో నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టారు. ఆ పతకం కష్టానికి దక్కిన ఫలమంటే కాదనేవాళ్లు ఉండరు. దాని పక్కనే ఇంకో సంగతి కూడా ఉంది. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో చేర్చిందే 2000లో. మల్లీశ్వరి 1994లోనూ 1995లోనూ ప్రపంచ చాంపియన్. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జరిగేనాటికి మంచి ఊపులో ఉన్నారు, కానీ అక్కడ ఆడవాళ్లకు ఆ పోటీయే లేదు. పదేళ్లు ముందు పుట్టి ఇంతే కష్టపడి ఉంటే ఆమెకు ఒలింపిక్ వేదిక దొరికేదే కాదు. నాలుగేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే పతకం రంగు మారేదేమో. ఒకే మనిషి, ఒకే కష్టం. పుట్టిన ఏడాదిని బట్టి ఫలితం మూడు రకాలుగా ఉండగలిగేది.

గొప్పతనం కష్టంతో వస్తుందా, అదృష్టంతో వస్తుందా అన్నది మనకు కొత్త ప్రశ్న కాదు. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ని అడిగేది ఇదే: దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అని. భీష్ముడు చెప్పిన జవాబులో దైవం విత్తనం, పురుషకారం పొలం. దున్నని నేలలో ఎంత మంచి విత్తనమైనా మొలవదు. రెండూ కావాలంటూనే ఆ సంవాదం ప్రయత్నం వైపే మొగ్గుతుంది. మన ఇళ్లలో మాత్రం పరీక్ష తప్పినా, పెళ్లి కుదరకపోయినా, ఉద్యోగం రాకపోయినా "రాసిపెట్టి ఉండాలి" అనే మాటే ముందు వస్తుంది. ఇప్పుడు దానికి ఎదురుగా ఇంకో మాట వినిపిస్తోంది. కష్టపడితే ఎవరైనా ఏదైనా సాధించవచ్చని, సాధించలేదంటే కష్టపడలేదనే అర్థమని. వేదికల మీద, కోచింగ్ సెంటర్ల గోడల మీద, ఫోన్లలో చూసే వీడియోల్లో అంతటా అదే. ఈ రెండు మాటలూ పిల్లలకు హాని చేస్తున్నాయని నా నమ్మకం. అందుకే ఈ విషయం మీద ఇంతవరకూ తేలినదేమిటో ఒకచోట పెట్టి చూడటం అవసరం.

ఆధునిక కాలంలో ఈ చర్చను మొదలుపెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్. 1869లో ఆయన రాసిన పుస్తకం ప్రతిభ వంశంలో వస్తుందని వాదించింది. పేరున్నవాళ్ల బంధువుల్లో పేరున్నవాళ్లు ఎక్కువగా ఉన్నారన్నది ఆయన చూపించిన ఆధారం. పెద్దింటి పిల్లలకు రక్తంతో పాటు చదువూ పరిచయాలూ ఆస్తీ కూడా అందుతాయన్న మాటకు అందులో తగిన చోటు దొరకలేదు.

శతాబ్దం దాటాక దీనికి గట్టి జవాబు అండర్స్ ఎరిక్సన్ అనే స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త నుంచి వచ్చింది. అమెరికాలో ఆయనా ఆయన సహచరులూ చేసి 1980లో ప్రకటించిన ప్రయోగం చిన్నదే. ఒక మామూలు కాలేజీ విద్యార్థికి అంకెలు ఒక్కొక్కటిగా చదివి వినిపించి తిరిగి చెప్పమన్నారు. మొదట్లో అందరిలాగే 7 అంకెల దగ్గర ఆగిపోయాడు. 20 నెలల్లో 230 గంటలకు పైగా సాధన చేశాక 79 అంకెలు చెప్పగలిగాడు. అతను పరుగుపందేలు పరిగెత్తేవాడు కాబట్టి అంకెల గుంపులను పరుగు టైమింగులుగా మార్చుకుని గుర్తుపెట్టుకున్నాడు. అంకెల బదులు అక్షరాలు చదివితే మళ్లీ 6 దగ్గరికి పడిపోయాడు. అంటే పెరిగింది జ్ఞాపకశక్తి కాదు, ఆ ఒక్క పనిలో నేర్పు. "ఒకదాంట్లో కష్టపడితే అన్నిట్లో రాణిస్తారు" అనుకునే తల్లిదండ్రులు ఈ ప్రయోగం గురించి తెలుసుకోవాలి.

ఆ తర్వాత 1993లో వచ్చిన వయొలిన్ అధ్యయనం ఎరిక్సన్‌కు లోకంలో పేరు తెచ్చింది. బెర్లిన్ సంగీత విద్యాలయంలో అత్యుత్తములు, మంచి వాయిద్యగాళ్లు, సంగీతం టీచర్లు కాబోయేవాళ్లు అని మూడు గుంపులు, గుంపుకు పదిమంది. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి మొదటి గుంపు ఒంటరిగా చేసిన సాధన సగటున 7,400 గంటలు, రెండోది 5,300, మూడోది 3,400. ఇరవయ్యో ఏటికి అత్యుత్తముల సగటు పదివేలు దాటింది. 2008లో రచయిత మాల్కమ్ గ్లాడ్‌వెల్ తన పుస్తకంలో దీన్ని పదివేల గంటల సూత్రంగా మార్చాడు. అది ఎన్నో భాషల్లోకి పాకింది.

ఎరిక్సన్ తానే ఆ సూత్రాన్ని ఒప్పుకోలేదు. పదివేలు అనేది సగటు. ఆ గుంపులోనే ఎందరో అంతకంటే తక్కువ చేసినవాళ్లున్నారు. అసలు ఆయన లెక్కపెట్టింది గంటలను కాదు, ఒక రకమైన సాధనను. గురువు ఉండాలి, ఏం సరిదిద్దుకోవాలో తెలియాలి, చేతనైనదాన్ని వదిలి చేతకానిదాని మీద పడాలి, తప్పు వెంటనే కంటపడాలి. మన సంగీతంలో గురువు ఎదుట కూర్చుని ఒకే వరసను మూడు కాలాల్లో పట్టుబడేదాకా పాడించడం ఇదే. వచ్చిన పాటనే వందసార్లు పాడుకుంటే గంటలు పెరుగుతాయి, పాట పెరగదు.

తర్వాతి పరిశోధకులు ఎరిక్సన్‌ను కూడా వదల్లేదు. 2014లో బ్రూక్ మెక్‌నమారా బృందం 88 అధ్యయనాలను కలిపి లెక్కించింది. మనిషికీ మనిషికీ నైపుణ్యంలో ఉన్న తేడాల్లో సాధన వల్ల వివరించగలిగినది చదరంగం వంటి ఆటల్లో 26 శాతం, సంగీతంలో 21, క్రీడల్లో 18, చదువులో 4, ఉద్యోగ వృత్తుల్లో ఒక శాతం లోపు. 2019లో వయొలిన్ అధ్యయనాన్ని మళ్లీ చేస్తే మొదటి రెండు గుంపుల మధ్య సాధన తేడా కనిపించలేదు. అర్జెంటీనా చదరంగ క్రీడాకారులను పరిశీలించి 2007లో ప్రకటించిన అధ్యయనం ఇంకా విచిత్రం: మాస్టర్ స్థాయికి చేరడానికి ఒకరికి 3,000 గంటలు చాలితే మరొకరికి 23,000 పైన పట్టింది. స్వీడన్‌లో పదివేలకు పైగా కవలల మీద 2014లో వచ్చిన పరిశోధన మరింత లోతుకు వెళ్లింది. ఎన్ని గంటలు సంగీత సాధన చేస్తామన్నదానిలోనే వంశపారంపర్యం పాలు గట్టిగా ఉందని తేల్చింది. అంటే కష్టపడగలిగే గుణం కూడా కొంతవరకు పుట్టుకతో వచ్చిన సొమ్మే. తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో తర్కంతో చెప్పిన సంగతే ఇక్కడ లెక్కల్లో కనిపించింది.

ఈ శాతాలు చూసి కష్టానికి విలువ నాలుగో వంతేనని అనుకోవడం తప్పు. అప్పటికే ఆ రంగంలోకి దిగి సాధన చేస్తున్నవాళ్ల మధ్య తేడాలకు సంబంధించిన లెక్కలవి. సాధన చేయనివాళ్లు ఆ పోటీలోకే రారు. పైగా బడిలో గడిపిన గంటలన్నిటినీ సాధన కింద కలిపేస్తే దాని విలువ పలచబడుతుందని ఎరిక్సన్ చేసిన ఫిర్యాదులో న్యాయముంది. నాకు అర్థమైనంతవరకు తేలినది ఇది: సాధన లేకుండా శిఖరం చేరినవాళ్లు లేరు, అంతే సాధన చేసినవాళ్లందరూ శిఖరం చేరరు.

ఏకాగ్రత విషయంలో ఇంత వివాదం లేదు. ఆ వయొలిన్ అధ్యయనంలో జనం పట్టించుకోని భాగమే మన పిల్లలకు ఎక్కువ అవసరం. మొదటి రెండు గుంపులవాళ్లు వారానికి సుమారు 24 గంటలు ఒంటరి సాధన చేశారు, అంటే రోజుకు మూడున్నర గంటలు. అంతకు మించి మనసు నిలవదు. వాళ్లు పగటి కునుకుతో కలిపి రోజుకు 8.6 గంటలు నిద్రపోయారు. మూడో గుంపు 7.8 గంటలే. బాగా వాయించేవాళ్లు ఎక్కువ నిద్రపోయారు! మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల్లో పిల్లలు తెల్లవారకముందే లేచి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లలో కూర్చుంటారు. కళ్లు పుస్తకం మీద ఉంటాయి, తల వాలిపోతూ ఉంటుంది. దాన్ని హార్డ్‌వర్క్ అని పిలిచి తల్లిదండ్రుల దగ్గర ఫీజు తీసుకుంటున్నారు. నిద్ర చాలని పిల్లవాడికి అది శిక్ష, చదువు కాదు. ఈ మాట నేను కోపంతోనే రాస్తున్నాను.

రియో ఒలింపిక్స్‌కు ముందు పి.వి. సింధు ఫోన్‌ను కోచ్ పుల్లెల గోపీచంద్ మూడు నెలలు తీసేసుకున్న సంగతి 2016లో అందరూ చెప్పుకున్నారు. క్రమశిక్షణ కథగా దాన్ని చెప్పుకోవడంలో సగం అర్థమే ఉంది. ఒక పని మధ్యలో ఆపి ఇంకోదాంట్లోకి వెళ్తే మనసులో కొంత భాగం పాత పనిలోనే చిక్కుకుని ఉంటుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. ఫోన్ తీసేయడమంటే ఆ చిక్కును తెంచడం. అదే సమయంలో సింధు తిండి, ప్రయాణం, ప్రాక్టీసు అన్నీ చూసుకునే మనుషులు చుట్టూ ఉన్నారన్నదీ నిజం. ఏకాగ్రత మనసుకు సంబంధించిన గుణమే అయినా దానికి పరిస్థితులు కావాలి.

దీనికి గట్టి ఆధారం మన పొరుగున తమిళనాడు చెరకు రైతుల దగ్గర దొరికింది. 464 మంది రైతులకు కోతకు ముందు, చేతిలో డబ్బు ఆడనప్పుడు ఒకసారి, కోత తర్వాత డబ్బు వచ్చాక మరోసారి పరీక్షలు పెట్టారు. అదే రైతు కోతకు ముందు తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. 2013లో వచ్చిన ఈ పరిశోధన చెప్పేది, అప్పు గురించిన దిగులు మెదడులో చోటు ఆక్రమించుకుంటుందని. కౌలు రైతు ఇంట్లో చదువుకునే పిల్లవాడిని "ఏకాగ్రత లేదు" అని మందలించే ఉపాధ్యాయులు ఆ ఇంట్లో కిందటి రాత్రి ఏం జరిగిందో ఒకసారి అడగాలి.

ఇక అదృష్టం. 2006లో మాథ్యూ సాల్గనిక్ బృందం ఇంటర్నెట్‌లో 48 కొత్త పాటలు పెట్టి 14,000 మందికి పైగా శ్రోతలను ఎనిమిది వేర్వేరు లోకాలుగా విడగొట్టింది. ఒక లోకంలోవాళ్లకు తమ లోకంలో ఏ పాట ఎన్నిసార్లు డౌన్‌లోడ్ అయిందో కనిపిస్తుంది, పక్క లోకం సంగతి తెలియదు. పాటలు అవే అయినా ఒక్కో లోకంలో ఒక్కో పాట పైకి వచ్చింది. మంచి పాటలు మరీ అడుగుకు పోలేదు, పేలవమైనవి మరీ పైకి రాలేదు. నడిమి పాటలకు మాత్రం ఏమైనా జరగవచ్చు. మొదట్లో నలుగురు ఏది విన్నారన్నదే వాటి తలరాత. నైపుణ్యానికి సాధన ఎంత అవసరమో, కీర్తికి యాదృచ్ఛికత అంత అవసరమని దీన్నిబట్టి చెప్పవచ్చు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే చర్చంతా గజిబిజి అయింది.

ఆ తేడా తెలియాలంటే యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చూడాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. స్ప్రూ వ్యాధి ఆయన అన్నదమ్ములను బలిగొంది. అమెరికా చేరి, ఆస్పత్రిలో రాత్రిపూట కూలి పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలవడానికి ఫిస్క్‌తో కలిసి 1925లో రూపొందించిన పద్ధతి ప్రయోగశాలల్లో స్థిరపడింది. హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ పరిశోధనశాలకు వెళ్లారు. అక్కడ ఆయన నడిపించిన బృందాలు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశాయి, క్యాన్సర్ చికిత్సకు దారి వేసిన మెథోట్రెక్సేట్‌ను, బోదకాలు వ్యాధికి డైఇథైల్ కార్బమజీన్‌ను తెచ్చాయి. 1948లో 53 ఏళ్లకే కన్నుమూశారు. బోదకాలు నివారణకు మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి మింగించే మాత్ర అదే. మింగేవాళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు అరుదు. కష్టానికి గుర్తింపు రాలేదు కాబట్టి ఆ కష్టం చిన్నదయిపోదు. పిల్లలకు గొప్పవాళ్ల కథలు చెప్పేటప్పుడు గెలిచినవాళ్ల పేర్లతో పాటు సుబ్బారావు పేరూ చెప్పాలి.

ఆర్థికవేత్త రాబర్ట్ ఫ్రాంక్ 2016లో రాసిన పుస్తకంలో ఒక వాదన నన్ను బాగా ఆలోచింపజేసింది. పోటీలో ఉన్నవాళ్లంతా గట్టిగా కష్టపడినప్పుడే అదృష్టం పాత్ర పెరుగుతుందని ఆయన అంటారు. అందరూ సమంగా సిద్ధమైన చోట చిన్న తేడాయే గెలుపోటములు తేలుస్తుంది. లక్షలమంది రాసే గ్రూప్స్ పరీక్షలో ఒక్క మార్కుతో ఆగిపోయినవాళ్ల కథ ఇదే. అలా ఆగిపోయినవాళ్లకు కష్టం చాలలేదని చెప్పడం అబద్ధం. అది వాళ్లను అవమానించడం కూడా.

అదృష్టం అని మనం పిలిచేదాంట్లో అంతా ఒకటే రకం కాదు. ఎత్తు, గొంతు, పుట్టిన ఏడాది ఎవరి చేతిలోనూ లేవు. కానీ గురువు దొరకడం, మైదానం ఉండటం, ఆకలి తీరడం, ఎవరో గుర్తుపట్టి చేయి పట్టుకోవడం ఇంకో రకం. దాన్ని మనుషులే ఏర్పాటు చేయగలరు. ఈ రెండో రకమే చాలా పెద్దదని నా అభిప్రాయం.

హంగరీలో లాస్లో పోల్గార్ మేధావులు తయారవుతారని నమ్మి ముగ్గురు కూతుళ్లకూ ఇంట్లోనే చదరంగం నేర్పాడు. జుడిత్ 1991లో 15 ఏళ్ల 4 నెలల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆమె పేరున ఉన్న మహిళల రికార్డును 2002లో మూడు నెలల తేడాతో బద్దలుకొట్టింది గుడివాడలో పుట్టిన కోనేరు హంపి. ఆమెకూ తండ్రి అశోకే గురువు. కూతురి ఆట కోసం అధ్యాపక ఉద్యోగం వదులుకున్నారు. పోల్గార్ ఇంట్లో ఒకే తండ్రి, ఒకే పద్ధతి, అయినా జుడిత్ ప్రపంచంలో 8వ ర్యాంకు దాకా వెళ్తే సోఫియా ఇంటర్నేషనల్ మాస్టర్ దగ్గర ఆగింది. సహజ ప్రతిభ తేడా ఉండనే ఉంది. కానీ ఆ ముగ్గురూ ఇంకో ఇంట్లో పుట్టి ఉంటే వాళ్ల ముందు చదరంగం బల్ల ఉండేదే కాదు.

అలాంటి తండ్రి లేని పిల్లల సంగతేమిటి? నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ గిరిజన కూలీల బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివేది. గురుకులాల పిల్లలకు భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్పితే అందులో తేలింది. డార్జిలింగ్, లడఖ్ శిక్షణల తర్వాత ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్‌తో పాటు ఎవరెస్టుకు ఎంపికైంది. 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో శిఖరం మీద నిలబడింది. ఎక్కింది తన కాళ్లతోనే. ఆ చలిలో ఒక్కో అడుగూ ఆమె కష్టమే. కానీ భువనగిరికి బస్సు ఎక్కించినవాళ్లు లేకపోతే ఆ కాళ్లలో అంత బలముందని ఆమెకే తెలిసేది కాదు. ఘంటసాల సంగతీ అంతే. చిన్నతనంలో తండ్రిని పోగొట్టుకుని విజయనగరం వెళ్లిన ఆ కుర్రవాడు మధుకరం ఎత్తుకుని తిని సంగీతం నేర్చుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి ఉచితంగా నేర్పారు. జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఆ గొంతులో వాళ్లకూ వాటా ఉంది.

గోపీచంద్ ఈ రెండు వైపులా నిలబడి చూసినవారు. మోకాలి శస్త్రచికిత్సల తర్వాత 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. అంతకుముందు ఆ టైటిల్ భారతీయుడికి దక్కింది 1980లో, ప్రకాశ్ పదుకోణ్‌కు. ఇరవై ఒక్క ఏళ్ల ఎడం. తర్వాత ప్రభుత్వం గచ్చిబౌలిలో ఇచ్చిన 5 ఎకరాల్లో, ఇల్లు తాకట్టు పెట్టి, దాతల సాయంతో 2008లో అకాడమీ నిలబెట్టారు. 2012 ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016 ఒలింపిక్స్‌లో సింధు రజతం, 2018లో గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్ ప్రపంచ నంబర్ వన్ స్థానం. ఇరవై ఏళ్లకు ఒకసారి తగిలే అదృష్టాన్ని ఆ కోర్టులు ఒక దారిగా మార్చాయి. అన్న ఐఐటీలో సీటు వచ్చి ఆట మానేస్తే, తాను ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష తప్పి ఆటలో మిగిలానని, అది తన అదృష్టమని ఆయనే చెప్పుకున్నారు. అదే గోపీచంద్ 2025లో, డబ్బున్న కుటుంబమైతే తప్ప పిల్లలను క్రీడలే వృత్తిగా పంపవద్దని తల్లిదండ్రులకు సలహా ఇచ్చారు. ఎందరో నొచ్చుకున్నారు. నేను ఆ మాటను నిరాశగా కాక హెచ్చరికగా తీసుకుంటాను. పదిహేనేళ్లు ఆటకు ఇచ్చి పతకం రానివాళ్లకు మన దగ్గర తిరిగి చదువుకునే దారి, స్థిరమైన బతుకుతెరువు లేవు. కష్టపడమని చెప్పే సమాజం ఆ కష్టం ఫలించనప్పుడు తప్పుకుంటోంది.

అందుకని నా తీర్పు సగం వ్యక్తికి, సగం ఊరికి చెందుతుంది. చదువుకునే, ఆడే, పాడే పిల్లలకు చెప్పాల్సింది: మీ చేతిలో ఉన్నది సాధన ఒక్కటే, దాన్ని గంటలతో కొలవకండి, గురువు దిద్దిన తప్పులతో కొలుచుకోండి, కంటినిండా నిద్రపోండి, ఫలితం తక్కువైతే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. పెద్దవాళ్లను కోరేది వేరే. సంపాదించి సొంత ఊరికి ఏదైనా చేయాలనుకునేవాళ్లు, విదేశాల నుంచి గుడికీ స్వాగత ద్వారానికీ డబ్బు పంపేవాళ్లు, ఈసారి ఆ ఊరి ప్రభుత్వ బడికి వెళ్లి మూడు విషయాలు అడగండి: పిల్లలకు ఆడుకునే మైదానం ఉందా, వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నాడా, గ్రంథాలయం తలుపు తెరుస్తున్నారా. లేనిదేదో అది ఏర్పాటు చేయండి. అక్కడ కష్టపడటానికి సిద్ధంగా ఉన్న పిల్లలు ఇప్పటికే ఉన్నారు.